రానివాళ్ల పేర్లూ చదవాలి: పల్నాడులో ఒక ఊరి రైతు సాయం జాబితాపై కేస్ స్టడీ

2025 ఆగస్టు 2న ఆంధ్రప్రదేశ్‌లో రైతుల ఖాతాల్లో ఒకేరోజు రెండు జమలు పడ్డాయి. పీఎం కిసాన్ 20వ విడత కింద కేంద్రం నుంచి 2,000 రూపాయలు, అన్నదాత సుఖీభవ మొదటి విడత కింద రాష్ట్రం నుంచి 5,000. డబ్బు పడినవాళ్లు ఎరువుల కొట్లో బాకీ కట్టుకున్నారు. పడనివాళ్లు మర్నాటి నుంచి రైతు సేవా కేంద్రం మెట్ల మీద కూర్చున్నారు. ఈ కేసు ఆ పడనివాళ్లది.

నేను రైతు సంఘంతో కలిసి పనిచేస్తాను. అంతకుముందు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఊళ్లు తిరిగాను. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో ఉన్న పేర్లు ఊరి మధ్యలో గట్టిగా చదివితే ఏం జరుగుతుందో కళ్లారా చూసినవాణ్ణి. పనిలోకి వెళ్లని మనిషి పేరు వినపడగానే నలుగురు లేచి నిలబడేవాళ్లు. ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్ గ్రామసభకు ఆ హక్కు ఇచ్చింది. 2006లోనే మన రాష్ట్రంలో ఆ తనిఖీలు మొదలయ్యాయి, 2009లో వాటికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. రైతు సాయం సొమ్ముకి మాత్రం అలాంటి చట్టబద్ధమైన తనిఖీ లేదు. జాబితా ప్రదర్శించమని ఆదేశాలు వస్తాయి, గ్రామ సచివాలయంలో అంటిస్తారు, అక్కడితో సరి.

మేం పనిచేసిన ఊరు పల్నాడులో మిర్చి, పత్తి పండే ఊరు. పేరు రాయడం లేదు. అక్కడి మనుషుల పేర్లు కూడా రాయను. ఊరి పొలంలో చాలా భాగం కౌలుకే సాగవుతుంది. యజమానుల్లో కొందరు గుంటూరులో, కొందరు హైదరాబాద్‌లో ఉంటారు.

గోడ మీద ఉన్న కాగితం

జాబితా అంటించలేదని ఎవరూ అనలేరు. అంటించారు. సచివాలయం లోపలి గదిలో, తలుపు తెరిస్తే ఆ తలుపు వెనక్కి పోయే గోడ మీద, కళ్లజోడు ఉన్నవాళ్లకి కూడా ఆనని అక్షరాల్లో. వరస నంబరు, రైతు పేరు, తండ్రి లేదా భర్త పేరు, భూమి ఖాతా నంబరు, 'అర్హులు' అన్న మాట. అంతే. ఇంగ్లీషులో ఎక్కించిన పేర్లను కంప్యూటర్ తెలుగులోకి మార్చడంతో సగం పేర్లు చదివితే నవ్వొచ్చేలా ఉన్నాయి గానీ, తన పేరు తనే గుర్తుపట్టలేని రైతుకు అది నవ్వులాట కాదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే ఉన్న అన్నదమ్ముల పిల్లలు ఆ ఊళ్లో ఉన్నారు. జమ అయింది ఎవరికో ఆ కాగితం చెప్పదు.

అన్నిటికంటే పెద్ద లోటు వేరే ఉంది. అది అర్హుల జాబితా మాత్రమే. రానివాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఎందుకు రాలేదో అసలే లేదు. అడిగితే కౌంటర్లో ఉన్న కుర్రాడు కంప్యూటర్ చూసి "ల్యాండ్ సీడింగ్ నో అని ఉంది పెదనాన్నా" అంటాడు. ఆ పేరుకి భూమి రికార్డు జత కాలేదని దాని అర్థం. పెదనాన్నకి అర్థమయ్యేది ఏమీ లేదు. ఆ కుర్రాడి తప్పు కూడా లేదు, అతనికి తెర మీద కనిపించేది ఆ రెండు మాటలే.

రైతు సాయం మీద ఎప్పుడు చర్చ వచ్చినా అనర్హులకి డబ్బు పోతోందనే మాటే ముందు వస్తుంది. అది అబద్ధం కాదు. పీఎం కిసాన్‌లో 42 లక్షలకు పైగా అనర్హులకు దాదాపు 3,000 కోట్ల రూపాయలు వెళ్లాయని 2021 జులైలో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది తమిళనాడులో లక్షల సంఖ్యలో బోగస్ పేర్లు బయటపడ్డాయి. ఆ తర్వాత ఈ-కేవైసీ, ఆధార్ అనుసంధానం, భూమి రికార్డుతో జోడింపు అని వడపోతలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. బోగస్ పేర్లు పోయాయి, మంచిదే. వాటితోపాటు అసలైన రైతులూ ఆ జల్లెడలో చిక్కుకున్నారు. వాళ్లెవరో, ఎక్కడ చిక్కుకున్నారో చెప్పే జాబితాయే ఏ గోడ మీదా లేదు. మా పని అక్కడ మొదలైంది.

అడిగిన తీరు

సమాచార హక్కు చట్టం 2005లో 4(1)(బి) కింద ఒక అంశం ఉంది. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు అన్న వివరాలు ఎవరూ అడగకుండానే ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను ప్రకటించాలి. చాలామంది కార్యకర్తలు దరఖాస్తులో సమాచారం కోరే 6వ సెక్షన్ మాత్రమే రాస్తారు. ఇలాంటి విషయాల్లో 4వ సెక్షన్ కూడా రాయడం నాకు అలవాటు. మీరు ఎప్పుడో పెట్టాల్సిందే అడుగుతున్నాం అని దాని అర్థం, దాంతో మాట తీరే మారుతుంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ఈ సంగతి తెలియక పోస్టల్ ఆర్డర్ల కోసం తిరిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

దరఖాస్తులో మేం అడిగింది ఇది: రైతు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, జమ అయిన మొత్తం, తేదీ. జమ కాకపోతే కారణం తెలుగులో. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు మాకు అక్కర్లేదని, అవి తీసేసి ఇవ్వమని అందులోనే స్పష్టంగా రాశాం. ఈ ఒక్క వాక్యం రాయండని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ చెబుతాను. 10వ సెక్షన్ ప్రకారం ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి, ఆ పని వాళ్లకి మనమే సులువు చేసినట్టవుతుంది.

వచ్చిన మొదటి జవాబు: వ్యక్తిగత సమాచారం, 8(1)(జె) ప్రకారం ఇవ్వలేం. మొదటి అప్పీలు వేశాం. ప్రజల డబ్బు ఎవరికి వెళ్లిందన్నది 4వ సెక్షన్ కిందే ప్రకటించాల్సిన విషయమని, పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో ఊరి వారీగా లబ్ధిదారుల జాబితా ఎవరైనా చూడొచ్చని, దిల్లీ చూపిస్తున్నదాన్ని మండలం దాచడంలో అర్థం లేదని రాశాం. విచారణలో అప్పీలు అధికారి మా మాట ఓపిగ్గా విన్నారు. సర్వే నంబర్లు ఇవ్వలేదు. మిగతావన్నీ, తిరస్కరణ కారణాలతో సహా, ఇప్పించారు. సర్వే నంబర్ల కొరతను 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), ఈ-పంట (ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారన్న నమోదు) జాబితాలు దగ్గర పెట్టుకుని కొంతవరకు పూడ్చుకున్నాం.

చదివిన సాయంత్రం

పొలం పనులు ముగించుకుని అందరూ ఇళ్లకు చేరాక బడి వరండాలో కూర్చున్నాం. సర్పంచ్ వచ్చారు, వ్యవసాయ సహాయకుడు వచ్చాడు. డిగ్రీ చదివే ఆ ఊరి అమ్మాయి జాబితాలు చదివింది. బయటివాళ్లం చదివితే పేర్లు తప్పు పలుకుతాం. ఆ అమ్మాయి "ఇది మా చెరువుగట్టు బాబాయ్ పేరే" అని కంప్యూటర్ చెడగొట్టిన పేర్లను కూడా సరిచేస్తూ చదివింది.

ముందు రానివాళ్లవి చదివించాం. ఇది మేం కావాలని పెట్టుకున్న క్రమం. వచ్చినవాళ్లవి ముందు చదివితే ఆ సభ 'వీడికెలా వచ్చింది' అన్న తగువులోనే తెల్లారిపోతుంది.

నాలుగో పేరుకో ఐదో పేరుకో ఒక ఆమె లేచింది. మూడెకరాలు ఆమె పేరు మీదే ఉంది, పాసుపుస్తకం ఉంది, ఈ-కేవైసీ అయింది. అయినా తనకి డబ్బు రాలేదని ఆగస్టు నుంచి తిరుగుతోంది. ఆమె పేరు రానివాళ్ల జాబితాలో చదువుతారని అందరూ చూస్తున్నారు. ఆ జాబితాలో లేదు. వచ్చినవాళ్ల జాబితాలో ఉంది. తేదీ ఉంది, మొత్తం ఉంది, జమ అయిందని ఉంది. వరండా అంతా నిశ్శబ్దం. "నేను అబద్ధం ఆడుతున్నానా అయ్యా?" అని ఆమె ఏడుపు గొంతుతో అడిగింది.

ఆమె చెప్పిందీ నిజమే, కాగితంలో ఉన్నదీ నిజమే. ఈ పథకాల్లో డబ్బు మనం ఇచ్చిన ఖాతా నంబరుకి కాకుండా, ఆధార్‌కి చివరిసారి జోడించిన బ్యాంకుకి పోతుంది. ఆ జోడింపు బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఉంటుంది. ఎప్పుడో వేరే బ్యాంకువాళ్లు ఊళ్లో క్యాంపు పెట్టి ఖాతాలు తెరిచినప్పుడు ఆమె వేలిముద్ర వేసింది. ఆ పుస్తకం ఆమె చేతికి రానేలేదు. ఆధార్ అటు జారిపోయింది. మర్నాడు ఆ బ్యాంకుకి వెళితే పీఎం కిసాన్ పాత విడతలు కూడా అక్కడే పోగుపడి ఉన్నాయి. డబ్బు అంతా ఆమెకి దక్కింది. కానీ అన్ని నెలలు ఆమె చెప్పుకున్నది ఎవరికి? 'జమ అయింది' అన్న మాట పక్కన ఏ బ్యాంకో, ఖాతా చివరి నాలుగు అంకెలో ఆమె ఒక్కదానికైనా చూపించి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. సభలో అందరికీ చూపించాల్సిన సమాచారం వేరు, మనిషికి తన గురించి తెలియాల్సిన సమాచారం వేరు. ఈ రెండో దాన్ని మనం తరచూ మర్చిపోతాం.

రానివాళ్లలో ఎక్కువమందికి కారణం భూమి రికార్డే. తండ్రి చనిపోయాడు, పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది, అన్నదమ్ములు నోటి మాటగా పంచుకుని దున్నుకుంటున్నారు. పీఎం కిసాన్ నిబంధన ప్రకారం 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉన్నవాళ్లే లెక్కలోకి వస్తారు, ఆ తర్వాత కొన్నవాళ్లకి రాదు. కానీ యజమాని చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు ఊళ్లో ఎవరికీ తెలియదు. 'కటాఫ్ అయిపోయింది' అని విని ఊరుకున్నారు. ఇద్దరు వితంతువులు మ్యుటేషన్‌కి, అంటే రికార్డులో పేరు మార్పుకి అర్జీ కూడా పెట్టుకోలేదు, పెట్టినా రాదనే అనుకున్నారు.

ఒక యువ రైతు పేరు పక్కన 'ఆదాయపన్ను చెల్లింపుదారు' అని ఉంది. సభ నవ్వింది, అతను తల దించుకున్నాడు. ట్రాక్టర్ లోన్ కోసం ఏజెంటు చెబితే రిటర్ను వేశాడట. పన్ను పైసా కట్టలేదు. నిబంధనలో ఉన్నది క్రితం అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను 'చెల్లించినవాళ్లు' అని. అతనితో రిటర్ను కాపీ జతచేయించి అభ్యంతరం పెట్టించాం.

వేలెత్తి చూపినప్పుడు

వచ్చినవాళ్ల జాబితా చదివేటప్పుడు మేం భయపడ్డదే జరిగింది. ఒక పెద్దాయన పేరు రాగానే వెనక నుంచి ఎవరో అరిచారు: "కొడుకు గవర్నమెంటు ఉద్యోగి, ఈయనకెందుకు?" చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన కండువా సర్దుకుని లేచి వెళ్లిపోబోయాడు.

మేం ఆపాం. పీఎం కిసాన్‌లో కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. పెళ్లయి వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకునే కొడుకు ఆ లెక్కలోకి రాడు. తండ్రి పేరున భూమి ఉంది, ఆయన పింఛనుదారు కాదు, పన్ను కట్టడు, ఆయనకి ఆ సొమ్ము న్యాయంగానే వస్తోంది. నిబంధన కాగితం చూపించి ఆ పేరా చదివించాం. అరిచిన మనిషి దగ్గరికి వచ్చి "తెలియక అన్నాను పెదనాన్నా" అన్నాడు.

ఊళ్లో అందరికీ అన్నీ తెలుసు, కాబట్టి ఊళ్లో చదివితే చాలు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఎవరి పొలం ఎవరు దున్నుతున్నారో ఊరికి బాగా తెలుసు. నిబంధన ఏమిటో తెలియదు. అర్హత నిబంధనలు ముందు చదవకుండా పేర్లు చదివితే తనిఖీ కాస్తా పరువు తీసే పంచాయితీ అవుతుంది. ఆ రోజు నుంచి మేం ఏ ఊరు వెళ్లినా మొదట నిబంధనలే చదివిస్తున్నాం.

నిజంగా అనర్హులూ బయటపడ్డారు. పదివేలకు మించి పింఛను తీసుకునే ఒక రిటైర్డు ఉద్యోగి, ఒకే పొలానికి విడివిడిగా తీసుకుంటున్న భార్యాభర్తలు. వాళ్ల పేర్లు సభలో సాగదీయలేదు. రిటైర్డు ఉద్యోగి తానే వచ్చి, తిరిగి కట్టాలంటే ఎలా అని అడిగాడు.

కౌలు రైతులు

ఇది ఈ కేసులో తేలని ముడి, నన్ను అన్నిటికంటే బాధపెట్టేదీ ఇదే.

పీఎం కిసాన్ భూమి యజమానికే. కౌలు రైతుకి అందులో చోటు లేదు. రాష్ట్ర పథకంలో ఉంది, కానీ సీసీఆర్‌సీ కార్డు ఉండాలి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే ఈ కార్డు గడువు 11 నెలలు. భూమి మీద దీనివల్ల ఏ హక్కూ రాదని చట్టమే చెబుతుంది. అయినా యజమాని సంతకం కావాలి. యజమాని పెట్టడు. భూమి పోతుందన్న పాత భయం ఒకటి, సాయం సొమ్ము తనకి ఆగిపోతుందేమోనన్న లెక్క ఇంకొకటి.

మా దగ్గర రెండు జాబితాలు ఉన్నాయి: డబ్బు వచ్చినవాళ్లది, ఈ-పంటలో సాగుదారులది. పక్కపక్కన పెట్టి చదివించాం. ఒక ముక్కకి డబ్బు వచ్చింది హైదరాబాద్‌లో ఉండే యజమానికి. ఈ-పంటలో సాగుదారుగా ఉన్నదీ ఆయన పేరే. ఆ ముక్కలో మిర్చి నాటింది, మందు కొట్టింది, పురుగు కొట్టి నష్టపోయింది వరండాలో మూడో వరసలో కూర్చున్న ఒక ఎస్సీ రైతు అని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. అతను కూడా.

తర్వాత విడిగా అడిగాను. "చెబితే వచ్చే ఏడు పొలం ఇవ్వరన్నా" అన్నాడు. "ఇప్పటికి పొలమన్నా ఉంది."

ఉపాధి హామీ సభలో కూలీ లేచి నిలబడగలిగాడు, ఎందుకంటే దొంగ మస్టర్ రాసినవాడు అతనికి పొలం ఇచ్చేవాడు కాదు. ఇక్కడ అలా కాదు. జాబితాలు ఎన్ని బయటపెట్టినా, చెప్పినవాడి బతుకు అదే యజమాని చేతిలో ఉన్నప్పుడు సభ ఒక్కటే సరిపోదు. అందుకే ఈ-పంట నమోదు పొలం గట్టు మీద, సాగు చేసే మనిషి ఫొటోతో, సీజన్ మొదట్లోనే జరగాలని, ఆ జాబితా అభ్యంతరాలకి పెట్టినప్పుడు కౌలు రైతు తరఫున సంఘమో, గ్రామ సమాఖ్యో అభ్యంతరం ఇవ్వడానికి వీలుండాలని జిల్లా స్థాయిలో అర్జీ పెట్టాం.

పేర్లు బయటపెట్టడం న్యాయమేనా

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు, అడగాల్సిందే. యూరప్‌లోనూ ఈ వివాదం నడిచింది. వ్యవసాయ సబ్సిడీ పొందిన వ్యక్తుల పేర్లన్నీ తేడా లేకుండా ప్రచురించడం చెల్లదని 2010 నవంబరులో యూరోపియన్ న్యాయస్థానం తీర్పునిచ్చింది. తర్వాత చట్టం మార్చుకుని, బాగా చిన్న మొత్తాలు పొందేవాళ్ల పేర్లు వదిలేసి, మిగతావి మళ్లీ ప్రచురిస్తున్నారు. మనదగ్గర డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లోని 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని మార్చింది. ఇంతకుముందు వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోనే ఉండేది, ఇప్పుడు అక్కడ లేదు. అయితే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) అలాగే ఉంది, 4వ సెక్షన్‌లో లబ్ధిదారుల వివరాల మాటా అలాగే ఉంది. ఇకమీద దరఖాస్తుల్లో, అప్పీళ్లలో ఈ రెండూ తప్పక రాయాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎవరికి ఎంత, ఏ భూమికి, రాకపోతే ఎందుకు అన్నవి ఊరికి తెలియాలి. ఆధార్, ఫోన్, బ్యాంకు నంబర్లు ఎవరికీ తెలియకూడదు. ఆధార్ అంకెలతో సహా జాబితాలు అంటించిన చోట్లు చూశాను, అది పారదర్శకత కాదు, మోసగాళ్లకి దారి చూపడం.

ఇక తిరస్కరణ కారణం ఊరందరి ముందు చదవడం ఆ మనిషికి ఇబ్బంది కాదా? కొన్నిసార్లు అవుతుంది, ఆ ట్రాక్టర్ కుర్రాడికి అయింది. అందుకే ఇప్పుడు సభకు ముందు రోజు వాళ్ల ఇళ్లకు వెళ్లి కారణం చెప్పి, చదవమంటారా అని అడుగుతున్నాం. దాదాపు అందరూ చదవమనే అంటున్నారు. తమకు రాలేదన్న సంగతి ఊరికి తెలుసు. ఎందుకు రాలేదో తెలియకపోవడమే వాళ్లకి అవమానంగా ఉంది.

నవంబరు విడత

నవంబరు 19న పీఎం కిసాన్ 21వ విడత, సుఖీభవ రెండో విడత కలిపి మళ్లీ 7,000 పడ్డాయి. ఆ ఇద్దరు వితంతువుల్లో మ్యుటేషన్ పూర్తయిన ఒకరికి వచ్చింది, ఆగస్టుది మాత్రం రాలేదు. రెండో ఆమె అర్జీ అన్నదమ్ముల మధ్య సరిహద్దు తగువుతో ఆగింది. ఆధార్ జోడింపు సరిచేసుకున్నవాళ్లందరికీ వాళ్లకి కావలసిన ఖాతాలోనే పడింది. పన్ను కేసు కుర్రాడి అభ్యంతరం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

ఈసారి సచివాలయంలో రెండు కాగితాలు అంటించారు. రెండోది రానివాళ్లది, కారణంతో సహా. పై నుంచి ఆదేశం ఏమీ లేదు. వ్యవసాయ సహాయకుడు తానే ప్రింటు తీసి, తలుపు వెనక కాకుండా బయటి వరండాలో పెట్టాడు. "రోజుకి ముప్పైమంది వచ్చి అడిగేది తగ్గింది సార్, నాకే టెన్షన్ లేదు" అని చెప్పాడు. మండలంలో మిగతా ఊళ్లలోనూ ఇలాగే పెట్టించమని అతని మాటనే మా అర్జీలో రాశాం.

మిర్చి రైతు పేరు మాత్రం ఇప్పటికీ ఆ రెండు కాగితాల్లో దేనిలోనూ లేదు. అతనికి తిరస్కరణ కూడా లేదు, ఎందుకంటే దరఖాస్తే లేదు. కొత్త సీజన్‌లో ఈ-పంట నమోదుకి వచ్చేవాళ్లతో పాటు పొలానికి వెళ్లాలని సంఘంలో నిర్ణయించుకున్నాం. యజమానితో మాట్లాడే పని సర్పంచ్ తన మీద వేసుకున్నారు.